కండువాకి వచ్చిన బెల్లం డబ్బు

తాటిమెట్టలో దూలం వారింటికి తెలివి తాతల నాడే వచ్చి చేరిందనీ, ఆ తర్వాత గడప దాటి బయటికి పోలేదనీ ఆ ఇంటివాళ్ళ నమ్మకం. ఇంటిపెద్ద పోలయ్య. అతని భార్య సూరమ్మ. పోలయ్య తమ్ముడు గవరయ్య. ముగ్గురూ ఒకరి తెలివి చూసి ఒకరు మురిసిపోతుండేవాళ్ళు.

"ఊళ్ళోవాళ్ళు ఒక మాట వింటారు, ఇంకో పని చేస్తారు. మనం అలా కాదు. ఏ మాట చెబితే ఆ మాటే చేస్తాం. తెలివంటే అది!" అనేవాడు పోలయ్య, అరుగు మీద కూర్చుని మీసం దువ్వుకుంటూ.

అందులో అబద్ధం లేదు. ఒకసారి సూరమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, "మరిదీ, పాలు పొంగుతాయేమో, కాస్త చూస్తూ ఉండు" అని నీళ్ళకి వెళ్ళింది. గవరయ్య పీట వేసుకుని, కళ్ళార్పకుండా చూశాడు. పాలు పొంగాయి, పొయ్యి ఆరిపోయింది.

"పొంగాయా?" అంది సూరమ్మ తిరిగొచ్చి.

"పొంగాయి వదినా! ముందు ఈ పక్క నుంచి, తర్వాత ఆ పక్క నుంచి. ఒక్క బొట్టు కూడా నా కంటపడకుండా పోలేదు."

ఆ మర్నాడు ముగ్గురూ మజ్జిగ లేకుండానే తిన్నారు. అయినా చెప్పిన పని చెప్పినట్టు చేశాడని పోలయ్య తమ్ముడి వీపు తట్టాడు.

ఆ ఏడు వాళ్ళ ఎకరన్నరలో చెరకు ఏపుగా పెరిగింది. గానుగ ఆడించి బెల్లం వండాలంటే పన్నెండుమంది కూలీలు కావాలి. పది రోజులు వాళ్ళకి రెండు పూటలా తిండి పెట్టాలి. ఇంట్లో చూస్తే గింజలు నిండుకున్నాయి. పోలయ్య ఊళ్ళో ఉన్న చలమయ్య శెట్టిగారి కిరాణా కొట్టుకి వెళ్ళి అరువు అడిగాడు. శెట్టిగారు మంచి మనిషి. బియ్యం, కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు, నువ్వుల నూనె, కూలీలకి పొగాకు కట్టలు, అన్నీ బండికెత్తించి, ఎర్రగుడ్డ అట్ట వేసిన పుస్తకంలో పోలయ్య పేరున ఖాతా రాశారు.

"మొత్తం రెండు వందల పన్నెండు రూపాయలు. తొందరేం లేదు పోలయ్యా. బెల్లం అమ్మాక, డబ్బు చేతికి రాగానే ఇద్దువుగాని."

"చిత్తం శెట్టిగారూ. చేతికి రాగానే ఇచ్చేస్తాం."

మాట మర్చిపోకుండా ఇంటికి వెళ్ళేదాకా బండి పక్కన నడుస్తూ "చేతికి రాగానే, చేతికి రాగానే" అని అనుకుంటూనే ఉన్నాడు.

బెల్లం బాగా దిగింది. సంతకి తోలుకెళ్తే మంచి ధరే పలికింది. బెల్లం కొన్న సాహుకారు నోట్లు లెక్కపెట్టి ఇవ్వబోతూ పోలయ్య చేతుల వంక చూసి, "అవేం చేతులయ్యా, బెల్లం అచ్చులు మోసి మోసి జిగటగా ఉన్నాయి. నోట్లు అంటుకుపోతాయి. కండువా పట్టు" అన్నాడు. పోలయ్య కండువా పట్టాడు. డబ్బు అందులో పడింది. మూట కట్టి ఇంటికి తెచ్చాడు.

సూరమ్మ ఎదురొచ్చింది. "డబ్బొచ్చిందా?"

"వచ్చింది."

"చేతికేనా?"

పోలయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. "కాదే! కండువాకి వచ్చింది."

ఇంకేముంది, ముగ్గురూ మూట చుట్టూ కూర్చుని ఆలోచనలో పడ్డారు. శెట్టిగారు చేతికి వచ్చిన డబ్బు ఇమ్మన్నారు. ఇదేమో కండువాకి వచ్చింది. ఇది తీసుకెళ్ళి ఇస్తే ఆయన చెప్పింది ఒకటి, తాము చేసింది ఇంకొకటి అవుతుంది.

"నమ్మి సరుకిచ్చిన పెద్దమనిషి. ఆయన మాట మీరడం నావల్ల కాదు" అన్నాడు పోలయ్య.

"అయితే ఎవరూ ముట్టుకోకండి" అంది సూరమ్మ. కండువా కొసలు పట్టుకుని డబ్బంతా ఒక కుండలోకి దులిపింది. అంచున ఆగిన నోటుని గరిటెతో లోపలికి తోసింది. మీద మూకుడు బోర్లించింది.

ఆ రోజు నుంచి పోలయ్యకి అదే ధ్యాస. పొద్దున్నే లేచి కుండ ముందు అరచెయ్యి చాపుకుని కాసేపు కూర్చునేవాడు. డబ్బు చేతికి వచ్చేది కాదు. ఇంట్లో గంజి తాగి గడిపారు గానీ ఆ కుండలోంచి చిల్లిగవ్వ కూడా తియ్యలేదు. అది శెట్టిగారికి చేరాల్సిన సొమ్ము కదా మరి.

మూడు నెలలు చూసి శెట్టిగారే వచ్చారు. "ఏం పోలయ్యా, బాకీ సంగతి?"

"ఇంకా చేతికి రాలేదండి."

"అదేమిటి? సాహుకారు ఆ రోజే ఇచ్చేశానన్నాడే!"

"ఇచ్చాడండి. నా చేతికి మాత్రం రాలేదు."

శెట్టిగారు ఇంకో నెల ఆగి మళ్ళీ వచ్చారు. అదే జవాబు. ఆయనకి ఒళ్ళు మండింది. "చూడు పోలయ్యా, మర్యాదగా ఇస్తావా, కోర్టు మెట్లు ఎక్కించమంటావా?"

పోలయ్య తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. రెండు దారులు చూపించారు, ఎంత దయ! మొదటిది ఎలాగూ కుదరదు. "మెట్లే ఎక్కుతాం శెట్టిగారూ" అన్నాడు.

అంతే. మర్నాడు పొద్దున్నే ముగ్గురూ చద్దన్నం మూట కట్టుకుని అయిదు కోసులు నడిచి పెదగంట్లలో ఉన్న కోర్టుకి వెళ్ళారు. ఏడు మెట్లు. ముగ్గురూ ఎక్కారు. మోకాళ్ళ నొప్పులున్నా సూరమ్మ కూడా ఎక్కింది. పైన ఒక నిమిషం నిలబడి, దిగి, ఇంటికొచ్చేశారు. దారిలో కొట్టు దగ్గర ఆగి పోలయ్య చేతులు జోడించాడు.

"ఎక్కామండి శెట్టిగారూ. ఏడు మెట్లు. మూడోది కాస్త విరిగింది, చూసుకుని ఎక్కాం. దాంతో మన బాకీ సరి కదండి?"

కొట్టులో ఉన్న నలుగురూ గొల్లున నవ్వారు. శెట్టిగారి మొహం కందగడ్డలా అయింది. "నన్నే ఎగతాళి చేస్తావా?" అని లేచి, ఖాతా పుస్తకం చంకన పెట్టుకుని, ఆ వారంలోనే దావా వేశారు.

కోర్టు నుంచి కాగితం వచ్చింది. పక్కింటి ముసలాయన చదివి, "దావా పడిందిరా పోలయ్యా. వెంటనే ప్లీడర్ని పెట్టుకోండి" అన్నాడు. సూరమ్మ ఇల్లంతా కలయజూసింది. ఎక్కడ పెట్టుకోవాలి? అటక మీద చింతపండు, గదిలో కట్టెలు. చివరికి వాకిట్లో కోళ్ళగూడు పక్కన అలికి, ముగ్గు వేసి, చాప పరిచింది. ప్లీడరు జోగారావుగారు తన ఇంట్లోనే ఉంటాననీ, ఫీజు పంట మీద ఇస్తే చాలనీ చెప్పాక పోలయ్య మనసు కుదుటపడింది. "పోనీలే, ఆయన తిండి ఖర్చు మనకి లేదు" అన్నాడు భార్యతో.

మొదటి రోజు కోర్టులో బంట్రోతు కళ్ళజోడు పెట్టుకుని, జాబితా చూస్తూ ఒక్కొక్కరినీ పిలిచాడు.

"గంటా బసవయ్య ఉన్నారా?"

"ఉన్నామండి!" అన్నాడు పోలయ్య.

"నువ్వు బసవయ్యవా?"

"కాదండి. ఉన్నారా అని అడిగారు. ఉన్నాం కదండి."

తర్వాతి పేరుకీ పలికాడు, ఆ తర్వాతి పేరుకీ పలికాడు. జోగారావుగారు తల పట్టుకుని, "పోలయ్యా, నీ పేరు పిలిస్తేనే పలుకు. అక్షరం అటూ ఇటూ అయినా పలక్కు. తెలిసిందా?" అని చెవిలో చెప్పారు.

"అలా ముందే చెప్పాలి గదండి" అన్నాడు పోలయ్య, కాస్త నొచ్చుకుని.

ఆవేళ జడ్జిగారు కాగితాలు చూసి ఏదో అన్నారు. జోగారావుగారు ఫైలు కట్టేస్తూ, "కేసు వాయిదా పడింది. ఇక మీరు వెళ్ళొచ్చు" అని గబగబా వెళ్ళిపోయారు.

"పడిందా? ఎక్కడ పడింది?" అన్నాడు గవరయ్య.

"ఇక్కడే ఎక్కడో పడుంటుంది. మన కేసు వాయిదా, మనమే వెతుక్కోవాలి" అన్నాడు పోలయ్య.

జనమంతా వెళ్ళేదాకా ఆగి, ముగ్గురూ నేల మీద వంగి వెతికారు. బల్లల కింద దూరారు. బంట్రోతు కూర్చునే ముక్కాలిపీట కింద గవరయ్యకి తళుక్కుమంటూ ఏదో దొరికింది. రెండు గుండ్రటి అద్దాలు, చెవులకి తగిలించే తీగలు.

"దొరికింది వదినా! వాయిదా!"

సూరమ్మ దాన్ని కొంగుతో తుడిచి కళ్ళకద్దుకుంది. ఇంటికి తెచ్చి బియ్యం డబ్బాలో దాచింది, పగలకుండా.

పదిహేను రోజులకి మళ్ళీ కోర్టు. జోగారావుగారు, "నేను పక్క గదిలో ఇంకో దావాలో ఉంటాను. నీ పేరు పిలవగానే పలికి, నాకు కబురు పెట్టు" అన్నారు. పోలయ్య చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. పాపం, బంట్రోతుకి కళ్ళజోడు పోయి పదిహేను రోజులైంది. కొత్తది ఇంకా చేయించుకోలేదు. జాబితాని చేతి దూరంలో పట్టుకుని, కళ్ళు చికిలించి, ఊహించుకుంటూ పిలుస్తున్నాడు.

"దూడల కోలయ్యా! దూడల కోలయ్యా! దూడల కోలయ్యా!"

ఎవరూ పలకలేదు. పోలయ్య అటూ ఇటూ చూసి నాలుక చప్పరించాడు.

"ఎవడో గానీ ఎంత బుద్ధిలేనివాడో చూడరా గవరయ్యా! కోర్టు మూడుసార్లు పిలిచినా రాడేం? ఇలాంటివాళ్ళకి తగిన శాస్తి జరగాలి."

"జరగాలన్నా" అన్నాడు గవరయ్య.

జరిగింది. ప్రతివాది హాజరు కాలేదు కాబట్టి రెండు వందల పన్నెండు రూపాయలూ, ఖర్చుల కింద ఇంకో ముప్ఫయ్యీ చెల్లించాలని జడ్జిగారు తీర్పు రాసేశారు. సాయంత్రం దాకా తమ పేరు పిలవకపోయేసరికి ముగ్గురూ ఇంటిదారి పట్టారు. ఆ దూడల కోలయ్య ఇంట్లోవాళ్ళు ఎంత ఏడుస్తారో అని సూరమ్మ దారిపొడుగునా జాలిపడింది.

నెల తిరక్కుండా కోర్టు నుంచి అమీను వచ్చాడు. వాకిట్లో నిలబడి కాగితం విప్పాడు. "దూలం పోలయ్యా, జప్తుకి వచ్చాను. ఇంట్లో కదిలేది ఏది కనిపిస్తే అది పట్టుకుపోతాను."

"కదలనివో?" అన్నాడు పోలయ్య.

"కదలనివాటితో నాకేం పని లేదు."

అంతే! ముగ్గురూ ఎక్కడివాళ్ళు అక్కడ బిగుసుకుపోయారు. సూరమ్మ వడ్లు దంచుతోంది, రోకలి నెత్తి మీదికెత్తి అలాగే నిలబడిపోయింది. గవరయ్య ఒక కాలు కడుక్కుని రెండోది కడుక్కోబోతూ కొంగలా ఆగిపోయాడు. పోలయ్య ముక్కు మీద ఈగ వాలింది. వాలితే వాలింది, అతను ఊపిరి కూడా ఆపేశాడు.

అమీను ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. "వీళ్ళకేమైందిరా నాయనా!" అన్నాడు.

అంతా బాగానే జరిగేది, పాకలో గేదె తోక ఊపకపోతే. ఆ గేదె ఆ ఇంటి ప్రాణం. రెండు పూటలా పాలిచ్చేది, సూరమ్మ చేత్తో పెడితే తప్ప తవుడు ముట్టేది కాదు.

"ఓసి నీ తోక! ఆపవే, ఆపు!" అని గవరయ్య పెదవులు కదపకుండా బతిమాలాడు. గేదె వినలేదు. చెవులు ఊపింది, తల ఊపింది, చివరికి లేచి నిలబడి అమీను వైపే వచ్చింది. అమీను పలుపు పట్టుకున్నాడు.

సూరమ్మకి ఏడుపు ఆగలేదు. రోకలి కింద పడేసింది. "నేనూ కదిలాను బాబూ! నన్నూ పట్టుకుపో! గేదెనొక్కదాన్నే పంపను!"

"మనుషుల్ని జప్తు చెయ్యరమ్మా."

"కదిలేది ఏదైనా అని నువ్వే అన్నావుగా!"

అలా ముందు అమీను, వెనక గేదె, దాని వెనక దూలం వారి ఇల్లంతా పెదగంట్లకి బయల్దేరింది. ఇల్లు ఖాళీగా వదిలి వెళ్తే శెట్టిగారి డబ్బు ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని సూరమ్మ ఆ కుండ చంకనెత్తుకుంది. కోర్టు వస్తువు కోర్టుకి చేర్చాలని పోలయ్య వాయిదాని మొలలో దోపుకున్నాడు.

కోర్టు ముందు గేదె అరుపు, సూరమ్మ ఏడుపు కలిసి లోపల ఏ వాదనా వినిపించలేదు. జడ్జిగారు అందర్నీ లోపలికి పిలిపించారు. వేరే పని మీద వచ్చిన చలమయ్య శెట్టిగారు అక్కడే ఉన్నారు.

"ఎందుకయ్యా ఆయన బాకీ ఎగ్గొట్టావు?" అన్నారు జడ్జిగారు.

"ఎగ్గొట్టలేదు బాబూ. డబ్బు చేతికి రాగానే ఇమ్మన్నారు. చేతికి రాలేదు."

"మరి ఆ కుండలో ఏముంది?"

"శెట్టిగారి డబ్బండి" అంది సూరమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

పోలయ్య జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. జిగట చేతులు, కండువా, గరిటె, మూకుడు, రోజూ పొద్దున్నే చాపిన అరచెయ్యి. వింటున్నకొద్దీ జడ్జిగారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. శెట్టిగారు మాత్రం నవ్వలేదు. ఆయన చూపు పోలయ్య పక్కటెముకల మీద ఉంది.

"ఇన్ని నెలలూ ఏం తిన్నారు పోలయ్యా?"

"గంజండి."

"ఈ డబ్బులోంచి ఒక్క రూపాయైనా..."

"మీదెలా తీస్తామండి?" అన్నాడు పోలయ్య, ఆశ్చర్యంగా.

జడ్జిగారు ఈసారి మాటలు ఏరుకుని ఏరుకుని చెప్పారు. "అమ్మా, ఆ కుండని శెట్టిగారి ముందు బోర్లించు. ఆయనకి రావలసింది ఆయన తీసుకుంటారు. మిగిలింది నీ భర్త తన చేత్తో తీసుకుంటాడు. గేదెని మీరు ఇంటికి తోలుకెళ్ళండి." శెట్టిగారు రెండు వందల పన్నెండే లెక్కపెట్టుకున్నారు. కోర్టు ఖర్చులు వద్దన్నారు.

పోలయ్య మొలలోంచి అద్దాలు తీశాడు. "ఇదిగోండి బాబూ, మొన్న ఇక్కడ పడిన మా వాయిదా. భద్రంగా దాచి తెచ్చాం."

"నా కళ్ళజోడు!" అని బంట్రోతు ఒక్క దూకు దూకాడు. పెట్టుకుని, పాత జాబితా అందుకుని చూశాడు. అతని నోరు తెరుచుకుంది. "దూలం పోలయ్య... అయ్యో! నేను దూడల కోలయ్య అని పిలిచాను!"

పోలయ్య చాలాసేపు ఆ కాగితం వంక చూశాడు. తర్వాత మెల్లిగా అడిగాడు. "అంటే బాబూ, ఆవేళ మూడుసార్లు పిలిచినా పలకని ఆ బుద్ధిలేనివాడు..."

"నువ్వే" అన్నారు జడ్జిగారు.

పోలయ్యకి ముందు సిగ్గేసింది. ఆ తర్వాత పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. "ఒరే గవరయ్యా! వాడికి శాస్తి జరగాలన్నాను కదరా! జరిగిందిరా! వాడి గేదెనే పట్టుకొచ్చారురా!" అని నేల మీద చతికిలబడి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. అతన్ని చూసి కోర్టంతా నవ్వింది. "ఇన్నేళ్ళూ తెలివంతా మా ఇంట్లోనే ఉందనుకున్నాను బాబూ. వెతికితే వాయిదా దొరికింది గానీ తెలివి దొరికేలా లేదు. మాలాంటివాళ్ళు బాగుపడాలంటే ఏం చెయ్యాలండి?"

"మాటని పట్టుకుని వేలాడకు పోలయ్యా. చెప్పినవాళ్ళ మనసులో ఏముందో అది చూడు" అన్నారు జడ్జిగారు.

తిరుగుదారిలో శెట్టిగారు బండి దిగి వాళ్ళతో పాటే నడిచారు. ఊరి పొలిమేరలో పోలయ్య భుజం మీద చెయ్యి వేశారు.

"నిన్ను కోర్టుకి లాగినందుకు నా మనసేం బాగాలేదు పోలయ్యా. ఇక నుంచి అరువని, ఖాతా అని మన మధ్య ఏమీ వద్దు. నా కొట్టు మీ కొట్టే అనుకోండి. ఏమాత్రం మొహమాటపడకండి."

ఆ మాటకి పోలయ్య రెండు చేతులూ జోడించాడు. ఇంటికెళ్ళి తమ్ముణ్ణీ భార్యనీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"ఈసారి మనం తప్పు చెయ్యకూడదు. మాట వదిలేద్దాం, మనసు చూద్దాం. శెట్టిగారి మనసులో ఏముంది?"

"ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. నేను చూశాను" అంది సూరమ్మ.

"అయితే నిజంగానే అన్నారన్నమాట" అన్నాడు గవరయ్య.

ఇంకేముంది! మర్నాడు పొద్దున్న శెట్టిగారు కొట్టు తలుపులు తీసి, వెనక ఇంట్లోకి వెళ్ళి స్నానం చేసి, విభూతి పెట్టుకుని, అగరొత్తులు పట్టుకుని కొట్టులోకి వచ్చారు. గల్లాపెట్టె ముందు పరుపు మీద పోలయ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. సూరమ్మ తూకం రాళ్ళన్నీ చింతపండు పెట్టి తోముతోంది. గవరయ్య బెల్లం బస్తా మీద కూర్చుని ఈగలు తోలుతున్నాడు. గేదె గుమ్మానికి కట్టేసి ఉంది, శనగల బస్తాలో మూతి పెట్టి తింటోంది.

శెట్టిగారు అగరొత్తులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు.

పోలయ్య ఆయన్ని చూసి గభాల్న లేచాడు. భుజం మీద కండువాతో పరుపు దులిపి, నవ్వుతూ చోటు చూపించాడు.

"రండి శెట్టిగారూ, రండి. అలా బయటే నిలబడిపోయారేం? మొహమాటపడకండి. ఇది మీ కొట్టే అనుకోండి."